కాలేయ రోగుల సత్తువకు కుర్చీయే కొలబద్ద

రక్త పరీక్షలో బిలిరుబిన్ తగ్గింది. పొట్టలో నీరు కూడా గత నెల కంటే తక్కువే. ‘రిపోర్టులు బాగున్నాయి’ అని వైద్యుడు చెప్పగానే కుటుంబ సభ్యులు ఊపిరి పీల్చుకుంటారు. తీరా ఊరికి తిరిగి వెళ్లేందుకు బస్సు ఎక్కబోయేసరికి, వెనుక నుంచి కుమారుడు ఎత్తి పట్టుకుంటే తప్ప రోగి మొదటి మెట్టు దాటలేకపోతాడు. దీర్ఘకాలిక కాలేయ వ్యాధి ఉన్న ఇళ్లలో ఇది తరచూ కనిపించే దృశ్యమే. కాగితంపై కుదుటపడిన మనిషి ఒంట్లో సత్తువ ఎంత మిగిలిందన్న వివరం ఆ కాగితంలో ఉండదు. దానిని విడిగా కొలవవలసిందే. అందుకు కావలసినవి ఒక కుర్చీ, ఒక గడియారం, గుప్పెట పట్టును కొలిచే చిన్న పరికరం మాత్రమే.

స్కోర్లకు అందని బలహీనత

కాలేయం గట్టిపడి ముడుచుకుపోయే సిర్రోసిస్ వ్యాధి తీవ్రతను అంచనా వేయడానికి వైద్యులు ప్రధానంగా రెండు కొలమానాలు వాడుతున్నారు. వీటిలో పాతదైన చైల్డ్-పగ్ స్కోరు బిలిరుబిన్, అల్బుమిన్, రక్తం గడ్డకట్టే సమయం, పొట్టలో నీరు, మతిమరుపు లేదా మగత స్థితి అనే అయిదింటిని లెక్కలోకి తీసుకుంటుంది. మెల్డ్ స్కోరు మాత్రం ప్రధానంగా రక్త పరీక్షల మీదే ఆధారపడుతుంది. అమెరికాలో కాలేయ మార్పిడికి ఎవరికి ముందు అవకాశం ఇవ్వాలో నిర్ణయించేందుకు 2002 నుంచి దీనిని అనుసరిస్తున్నారు. రోగి తనంతట తాను లేచి నిలబడగలడా, పది అడుగులు నడవగలడా అన్న ప్రశ్నకు ఈ రెండింటిలోనూ చోటు లేదు.

ఈ వెలితిని పూరించేందుకు శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో ‘లివర్ ఫ్రెయిల్టీ ఇండెక్స్’ను ప్రకటించారు. కాలేయ మార్పిడి కోసం ఎదురుచూస్తున్న రోగులను పరిశీలించి దీనిని రూపొందించారు. మెల్డ్ స్కోరు సమానంగా ఉన్న ఇద్దరిలో, శారీరకంగా బలహీనంగా ఉన్నవారికే ప్రాణాపాయం ఎక్కువని ఈ తరహా అధ్యయనాలు తేల్చాయి.

కండ కరగడం వెనుక కారణం

కాలేయానికి జబ్బు చేస్తే కాళ్లు బలహీనపడటమేమిటని చాలామందికి సందేహం కలుగుతుంది. మనం తిన్న ఆహారం నుంచి వచ్చే చక్కెరను గ్లైకోజెన్ రూపంలో నిల్వచేసి, రాత్రి నిద్రలో కొద్దికొద్దిగా విడుదల చేయడం కాలేయం పని. గట్టిపడిన కాలేయంలో ఈ నిల్వ బాగా తగ్గిపోతుంది. దాంతో నిల్వ త్వరగా అయిపోయి, శరీరం కొవ్వును, కండను కరిగించుకోవడం మొదలుపెడుతుంది. ఆరోగ్యవంతుడు రెండు మూడు రోజులు పస్తు ఉంటే శరీరంలో ఎలాంటి మార్పులు వస్తాయో, సిర్రోసిస్ రోగికి ఒక్క రాత్రి భోజన విరామంలోనే అలాంటి మార్పులు వస్తాయని 1980లలోనే గుర్తించారు.

రెండో కారణం అమ్మోనియా. కాలేయం శుద్ధిచేయలేక వదిలేసిన ఈ విషపదార్థాన్ని కొంతవరకు కండరాలు తీసుకుని నిర్వీర్యం చేస్తాయి. ఆ క్రమంలో అవే దెబ్బతింటాయి. కండ తరిగినకొద్దీ అమ్మోనియాను తట్టుకునే శక్తి తగ్గి, మగత కమ్మే ప్రమాదం పెరుగుతుంది. అందుచేత కాలేయ రోగికి కండ అలంకారం కాదు, దాదాపు రెండో కాలేయం వంటిది.

మూడు పరీక్షలు, పది నిమిషాలలోపే

ఇండెక్స్‌లో మొదటిది గుప్పెట పట్టు. రోగి బాగా వాడే చేతితో డైనమోమీటర్ అనే పరికరాన్ని మూడుసార్లు బలంగా నొక్కితే, ఆ మూడింటి సగటును నమోదు చేస్తారు. ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో పేర్కొన్న ప్రమాణం ప్రకారం పురుషులలో 28 కిలోలు, స్త్రీలలో 18 కిలోల కంటే తగ్గితే పట్టు బలహీనమైనట్టే. ఇది ప్రధానంగా వయోవృద్ధులలో కండ తరుగుదలను గుర్తించేందుకు నిర్ణయించిన ప్రమాణమైనా, కాలేయ రోగి ఎక్కడ ఉన్నాడో తెలుసుకోవడానికి ఉపకరిస్తుంది.

రెండోది కుర్చీ పరీక్ష. చేతులు రెండూ ఛాతీపై కట్టుకొని, దేనినీ ఆసరాగా పట్టుకోకుండా కుర్చీ నుంచి పూర్తిగా లేచి, మళ్లీ కూర్చోవాలి. ఇలా అయిదుసార్లు చేయడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తారు. పైన చెప్పిన ఆసియా ప్రమాణం ప్రకారం 12 సెకన్లు గాని అంతకు మించి గాని పడితే సామర్థ్యం తగ్గినట్టు. మూడింటిలో ఎక్కువ విషయం చెప్పేది ఇదే అనవచ్చు. ఏళ్ల తరబడి పార పట్టిన చేతిలో పట్టు ఇంకా మిగిలి ఉండవచ్చు. మనిషిని మరుగుదొడ్డి నుంచి, మంచం నుంచి, బస్సు మెట్టు నుంచి లేపేవి మాత్రం తొడ కండరాలే.

మూడోది నిలకడ. పాదాలు పక్కపక్కన ఆనించి ఒకసారి, ఒక పాదాన్ని సగం ముందుకు జరిపి మరోసారి, ఒక మడమ రెండో పాదం వేళ్లకు తగిలేలా వరుసలో పెట్టి ఇంకోసారి, ఒక్కో భంగిమలో 10 సెకన్లు నిలబడాలి.

ఈ మూడింటి ఫలితాలను కంప్యూటర్‌లో గాని, సెల్‌ఫోన్‌లో గాని నమోదు చేస్తే స్కోరు వస్తుంది. ఇక్కడ అంకె పెరిగినకొద్దీ బలహీనత పెరిగినట్టు. 3.2 లోపు ఉంటే రోగి దృఢంగా ఉన్నట్టు, 4.5 గాని ఆపైన గాని ఉంటే తీవ్రంగా బలహీనపడినట్టు భావిస్తారు. ఈ రెండింటి నడుమ ఉన్నవారే వైద్యుల దృష్టిలో కీలకం. తిండి, వ్యాయామం సరిచేస్తే వారిని వెనక్కి మళ్లించే అవకాశం ఎక్కువ.

పెద్ద ఆసుపత్రులలో ఆరు నిమిషాల నడక పరీక్ష కూడా నిర్వహిస్తారు. సమతలంగా ఉన్న వసారాలో రోగి తన వేగంతో 6 నిమిషాలలో ఎంత దూరం నడిచాడో కొలుస్తారు. మార్పిడి కోసం నిరీక్షిస్తున్నవారిలో 250 మీటర్ల కంటే తక్కువ నడిచినవారికి మరణ ముప్పు ఎక్కువని 2010లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం తెలిపింది. సైకిల్ తొక్కిస్తూ ఊపిరిలోని ప్రాణవాయువును కొలిచే పరీక్ష మరింత కచ్చితమైనదే గాని, ఖర్చు, పరికరాల దృష్ట్యా అది జిల్లా స్థాయికి అందేది కాదు.

తూకం చెప్పే అబద్ధం

తూకం చూసి బలాన్ని అంచనా వేయడం ఈ జబ్బులో మోసపోవడమే. పొట్టలో, కాళ్లలో చేరిన నీరు కరిగిన కండను కప్పిపుచ్చుతుంది. అందుకే నీరు కొద్దిగా ఉంటే 5 శాతం, ఓ మోస్తరుగా ఉంటే 10, బాగా ఎక్కువగా ఉంటే 15 శాతం తూకం నుంచి తీసివేసి అసలు బరువును అంచనా వేస్తారు. కాళ్ల వాపు ఉంటే మరో 5 శాతం తగ్గిస్తారు. 70 కిలోలు తూగే రోగికి పొట్ట నిండా నీరు, కాళ్ల వాపు రెండూ ఉంటే అతని అసలు బరువు 56 కిలోలే. స్థూలకాయుల సంగతి వేరేగా చెప్పనక్కరలేదు. కొవ్వు చాటున కండ తరిగిపోయినా ఇంట్లోవారికి తెలియదు.

పథ్యమే శత్రువైన వేళ

కాలేయ జబ్బు అనగానే పప్పు, గుడ్డు, మాంసం మాన్పించి చప్పిడి మజ్జిగ అన్నంతో నెలల తరబడి గడపడం మన ఇళ్లలో ఆనవాయితీ. పచ్చకామెర్లకు పాటించే ఈ పథ్యాన్ని సిర్రోసిస్ రోగికీ వర్తింపజేయడం వల్ల జరిగే నష్టం అంతా ఇంతా కాదు. రోజుకు కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు అవసరమని నేటి మార్గదర్శకాలు చెబుతున్నాయి. పైన చెప్పిన 56 కిలోల రోగికి ఇది రోజుకు 67 నుంచి 84 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములే. మజ్జిగ అన్నంతో ఆ లెక్క ఎన్నటికీ తీరదు. మగత వచ్చినవారికి కూడా మాంసకృత్తులు పూర్తిగా ఆపివేయడం ఇప్పుడు సరైన పద్ధతి కాదు. పొట్టలో నీరున్నవారు ఉప్పు తగ్గించడం మాత్రం అవసరమే.

రాత్రి ఏడు గంటలకు భోంచేసి మర్నాడు తొమ్మిదింటికి టిఫిన్ చేసే అలవాటును కూడా మార్చుకోవలసి ఉంటుంది. పడుకునే ముందు పాలు కలిపిన జావ వంటి చిరు ఆహారం తీసుకుంటే రాత్రిపూట కండ కరగడం తగ్గుతుంది. మధుమేహం ఉన్నవారు దీనిపై వైద్యుని అడిగి నిర్ణయించుకోవాలి.

పూర్తి విశ్రాంతి తీసుకోవాలన్న సలహా కూడా అలాంటిదే. స్థూలకాయం ఉన్న సిర్రోసిస్ రోగులకు 16 వారాలపాటు నియమిత ఆహారం, పర్యవేక్షణలో వ్యాయామం ఇచ్చి చూస్తే, కాలేయానికి వెళ్లే సిరలోని పీడనం తగ్గినట్టు స్పెయిన్ పరిశోధకులు 2017లో వెల్లడించారు. అయితే వ్యాయామం మొదలుపెట్టే ముందు ఎండోస్కోపీ చేయించుకుని ఆహారనాళంలో ఉబ్బిన సిరలు ఉన్నాయేమో చూసుకోవాలి. ఊపిరి బిగబట్టి బరువులెత్తడం పనికిరాదు. ప్రొప్రనలాల్, కార్వెడిలాల్ వంటి మాత్రలు వాడుతున్నవారిలో గుండె వేగం శ్రమకు తగినంతగా పెరగదు కనుక నాడిని బట్టి శ్రమను లెక్కించడం కుదరదు. నడుస్తూ మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేనంత శ్రమ సరిపోతుంది.

మార్పిడికీ ఇదే ఆధారం

ఉమ్మడి రాష్ట్రంలో 2013లో జీవన్‌దాన్ పథకం ప్రారంభమయ్యాక, మరణించినవారి నుంచి అవయవాలు పొందేందుకు పేరు నమోదు చేసుకుని నిరీక్షించే విధానం ఏర్పడింది. నిరీక్షణ ఎన్నాళ్లో ఎవరూ చెప్పలేరు. ఆ వ్యవధిలో కండ కోల్పోయిన రోగికి శస్త్రచికిత్స తర్వాత కోలుకోవడం కష్టమవుతుంది, ఆసుపత్రిలో గడిపే రోజులు పెరుగుతాయి. బలహీనత ఒక్కదానినే కారణంగా చూపి మార్పిడిని నిరాకరించరాదని నిపుణుల మార్గదర్శకాలు స్పష్టంచేస్తున్నా, ముందే గుర్తిస్తే సిద్ధం చేయడానికి సమయం దొరుకుతుంది. జబ్బు నిలకడగా ఉన్నవారు ఏడాదికోసారైనా, నీరు పట్టినవారు రెండు మూడు నెలలకోసారి ఈ కొలతలు తీయించుకోవడం మేలు.

కుర్చీ పరీక్షను ఇంటివద్ద కూడా చూసుకోవచ్చు. కదలని, చేతులు లేని కుర్చీని గోడకు ఆనించి వేయాలి. పక్కన ఒకరు తప్పక నిలబడాలి. జ్వరం, మగత ఉన్నప్పుడు, రక్తపు వాంతి లేదా నల్లటి విరేచనం అయినప్పుడు పరీక్షల జోలికి పోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. పట్టిన సెకన్లను తేదీతో సహా రిపోర్టుల ఫైలుపై రాసి ఉంచి, తదుపరిసారి వెళ్లినప్పుడు వైద్యునికి చూపవలసి ఉంటుంది. గత కొలత కంటే సమయం పెరిగితే, బిలిరుబిన్ ఎంత ఉన్నా సరే, ఆ విషయాన్ని ముందుగా చెప్పాలి.