డీజిల్ లారీలలో ఇంధన సంకలితాలు: ప్రయోజనం ఎంత, ప్రమాదం ఎక్కడ?

ఆనేకల్ తాలూకాలోని బొమ్మసంద్ర, జిగణి, అత్తిబెలె పారిశ్రామికవాడలకు ముడిసరుకు చేరాలన్నా, తయారైన సరుకు బయటకు వెళ్ళాలన్నా లారీలే ఆధారం. 44వ నంబరు జాతీయ రహదారిపై చందాపుర, అత్తిబెలె మీదుగా హోసూరు వైపు అవి రాత్రింబవళ్ళు సాగుతూనే ఉంటాయి. ఒకటి రెండు లారీలతో జీవనం సాగించే యజమానికి నిత్య వ్యయాలలో డీజిలే పెద్దది. అందువల్ల ఒక్క సీసా ద్రవం కలిపితే మైలేజీ పెరుగుతుందని, పొగ తగ్గుతుందని ఎవరైనా చెప్పినపుడు ఆ మాట అతనిని సులభంగా ఆకర్షిస్తుంది. అడిటివ్ అని వ్యవహరించే ఈ సంకలిత ద్రవాలు ఏమి చేయగలవో, ఏమి చేయలేవో తెలుసుకోవడం యజమానులకే కాక, ఆ పొగను పీల్చే రహదారి పక్క నివాసులకు కూడా అవసరం.

బంకులోని డీజిల్‌లో ఇప్పటికే ఉన్నవి

2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా భారత్ స్టేజ్-6 ప్రమాణానికి లోబడిన డీజిల్ మాత్రమే విక్రయిస్తున్నారు. అంతకు ముందు కిలో డీజిల్‌లో 50 మిల్లీగ్రాముల వరకు గంధకం ఉండవచ్చు; ఇప్పుడు ఆ పరిమితి 10 మిల్లీగ్రాములు. గంధకాన్ని తొలగించే ప్రక్రియలో డీజిల్‌కు సహజంగా ఉండే జిగురు గుణం కూడా కొంత పోతుంది. ఆ గుణమే పంపు, ఇంజెక్టర్ల లోపలి భాగాలను అరుగుదల నుండి కాపాడుతుంది. అందుకే ఆ లోటును పూరించే సంకలితాన్ని డీజిల్ బంకుకు చేరకముందే కలుపుతారు. ఇంధనం ఎంత త్వరగా అంటుకుంటుందో తెలిపే సీటేన్ సంఖ్య 51కి తగ్గరాదని కూడా భారతీయ ప్రమాణం నిర్దేశిస్తోంది. అనగా, సరైన బంకులో కొన్న డీజిల్‌కు అవసరమైన సంకలితాలు చాలావరకు అందులోనే ఉన్నాయి.

సీసాలలో లభించే రకాలు

విపణిలోని ద్రవాలు ముఖ్యంగా నాలుగు విధాలు. మొదటిది ఇంజెక్టర్ నాజిల్ చివర పేరుకొన్న మడ్డిని కరిగించే శుభ్రకారి. నాజిల్ నిజంగా మూసుకుపోయి ఉంటే దీనివల్ల ఫలితం కనిపిస్తుంది. శుభ్రంగా ఉన్న నాజిల్‌కు కొత్తగా చేసే మేలు ఏమీ లేదు. రెండవది సీటేన్ సంఖ్యను పెంచేది. ఉదయపు చలిలో ఇంజను త్వరగా స్టార్టు కావడానికి ఇది కొంత తోడ్పడుతుంది. మూడవది నిల్వ డీజిల్‌లో సూక్ష్మజీవులు పెరగకుండా నిరోధించేది. వానకాలంలో డ్రమ్ములలో నీరు చేరినపుడు, ఆ నీటికి డీజిల్‌కు మధ్య ఇవి పెరిగి ఫిల్టరును పూడ్చివేస్తాయి. అయితే మొదట చేయవలసినది నీటిని తొలగించడమే. నాలుగవది ఇనుము, సీరియం వంటి లోహాలు గల ద్రవం. మసి తేలికగా కాలడానికి దీనిని ఉపయోగిస్తారు. అన్నిటికన్నా జాగ్రత్త అవసరమైనది ఇదే.

మైలేజీ లెక్క

200 లీటర్ల ట్యాంకులో 200 మిల్లీలీటర్ల ద్రవం కలిపితే అది మొత్తంలో వెయ్యవ వంతు. ఆ ద్రవం డీజిల్‌తో సమానంగా మండినా, దానివల్ల చేరే శక్తి కూడా వెయ్యవ వంతే. కనుక మైలేజీ చెప్పుకోదగినంతగా పెరిగితే, అంతకు ముందు ఇంజనులో ఏదో లోపం ఉన్నదని అర్థం. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇంధనం ఆదా చేస్తాయని చెప్పుకునే 100కు పైగా సాధనాలను, ద్రవాలను పరీక్షించి, చెప్పుకోదగిన ఆదా కనబడలేదని తేల్చింది.

ఖర్చును కూడా లెక్కించాలి. లీటరు డీజిల్ రూ. 90, సీసా ధర రూ. 300 అనుకుందాం. సీసా ఖర్చు తిరిగి రావాలంటేనే 200 లీటర్లలో 3 లీటర్లకు పైగా ఆదా కావాలి. ఆదా నిజమా కాదా అని యజమాని స్వయంగా తెలుసుకోవచ్చు. ఒకే దారిలో, ఒకే బరువుతో, ట్యాంకు నిండా నింపి, తిరిగి నిండా నింపేవరకు నడిచిన కిలోమీటర్లను, పట్టిన లీటర్లను పుస్తకంలో వ్రాయాలి. ద్రవం లేకుండా నాలుగైదు సార్లు, ద్రవంతో నాలుగైదు సార్లు ఇలా చూస్తే నిజం తేలుతుంది. ఒక్క ట్రిప్పు లెక్కను నమ్మరాదు.

పొగ రంగు చెప్పే సంగతి

నల్లని పొగ వస్తే ఇంధనం పూర్తిగా కాలడం లేదని అర్థం. గాలి ఫిల్టరు మూసుకుపోవడం, ఇంజెక్టర్ లోపం, అధిక బరువు దీనికి సాధారణ కారణాలు. నీలి పొగ ఇంజను ఆయిల్ కాలుతున్నదని తెలుపుతుంది. ఇంజను వేడెక్కిన తరువాత కూడా తెల్లని పొగ ఆగకపోతే డీజిల్ కాలకుండా పోతున్నదో, చల్లార్చే నీరు సిలిండరులోకి దిగుతున్నదో పరీక్షించాలి. వీటిలో నాజిల్ మడ్డి ఒక్కదానికే ద్రవం కొంత మందు. మిగిలినవాటికి మరమ్మతే మార్గం.

ఇది ఆరోగ్య విషయం కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో డీజిల్ పొగను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. చెల్లుబాటయ్యే కాలుష్య తనిఖీ పత్రం లేకుండా వాహనం నడిపితే మోటారు వాహనాల చట్టం ప్రకారం రూ. 10,000 వరకు జరిమానా విధించవచ్చు. పరీక్షకు ముందు ద్రవం పోసి పత్రం పొందినా, లోపం ఇంజనులోనే ఉంటుంది.

భారత్ స్టేజ్-6 లారీలకు ప్రత్యేక హెచ్చరిక

ఈ లారీల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. పట్టిన మసి అధిక వేడిలో కాలిపోతుంది. కాని లోహాల నుండి ఏర్పడే బూడిద కాలదు. అది ఫిల్టరులోనే మిగిలి దారిని మూసివేస్తుంది. ఫిల్టరు మార్పు ఖరీదైన పని. కనుక తయారీదారు అనుమతించని ద్రవాలను, ముఖ్యంగా లోహాలు గలవాటిని, ఈ లారీలలో వాడరాదు. పాత ఇంజను ఆయిల్‌ను డీజిల్‌లో కలపడం కూడా ఇదే హాని చేస్తుంది. కిరోసిన్ కలిపితే జిగురు గుణం తగ్గి పంపు అరిగిపోతుంది. అది కల్తీగా శిక్షార్హం కూడా.

డెఫ్ అనే యూరియా ద్రవం డీజిల్ సంకలితం కాదు. 32.5 శాతం శుద్ధమైన యూరియా, మిగిలినది ఖనిజాలు తొలగించిన నీరు గల ఈ ద్రవానికి వేరే ట్యాంకు ఉంటుంది. ఇది పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మారుస్తుంది. దీనిని డీజిల్ ట్యాంకులో పోస్తే ఇంధన వ్యవస్థ చెడిపోతుంది. పొలానికి వేసే వేప పూత యూరియాను నీటిలో కరిగించి డెఫ్‌గా వాడడం లారీకి హానికరం, ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం నేరం కూడా.

సీసా కొనే ముందు చేయవలసినవి

• గాలి ఫిల్టరు, డీజిల్ ఫిల్టరు, ఇంజెక్టర్లు, టైర్ల గాలి పరీక్షించాలి.
• డీజిల్ ఫిల్టరు అడుగున చేరిన నీటిని క్రమంగా వదిలించాలి.
• సరుకు ఎక్కించే చోట వేచి ఉన్నపుడు ఇంజను ఆపాలి.
• డీజిల్‌పై సందేహం కలిగితే బంకులోనే సాంద్రత పరీక్ష కోరాలి. కొలత తక్కువగా తోస్తే 5 లీటర్ల పాత్రతో కొలిచి చూపమని అడగాలి. ఇవి వినియోగదారుని హక్కులు.
• ద్రవం అవసరమే అనుకుంటే లారీతో వచ్చిన కరదీపికను, అధీకృత సర్వీసు కేంద్రాన్ని సంప్రదించి, చెప్పిన మోతాదు మించకుండా వాడాలి.
• ఈ ద్రవాలు మండే స్వభావం గలవి. పిల్లలకు అందకుండా ఉంచాలి. మిగిలిన ద్రవాన్ని, పాత ఆయిల్‌ను కాలువలలో, చెరువులలో పోయరాదు.

బాగున్న ఇంజనుకు సంకలితం అవసరం అరుదు. చెడిన ఇంజనుకు అది మరమ్మతుకు బదులు కాదు. సీసాకు పెట్టే సొమ్మును ముందుగా ఫిల్టరుకు, ఇంజెక్టరు పరీక్షకు వెచ్చించిన యజమాని తన డబ్బును, ఊరి గాలిని రెండింటినీ కాపాడినవాడవుతాడు.