20 డాలర్ల బూట్ నైఫ్: పెట్టిన డబ్బుకి తగ్గ సరుకేనా?

డల్లాస్‌లో ఎమ్మెస్ చేస్తున్న ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, వచ్చే నెల క్యాంపింగ్‌కి వెళ్తున్నాం. ఆన్‌లైన్‌లో 20 డాలర్లకి బూట్ నైఫ్ దొరుకుతోంది. లుక్ అదిరింది. తీసుకోనా?" అవును, కాదు అని ఒక్క ముక్కలో చెప్పేస్తే మీకు పెద్దగా ఉపయోగం ఉండదు. చవక కత్తిని ఎలా చూడాలో తెలిస్తే, రేపు ఏ కత్తి కనిపించినా మీరే డిసైడ్ చేసుకోవచ్చు.

బూట్ నైఫ్ అంటే మడత పడని చిన్న కత్తి. ఒరకి క్లిప్ ఉంటుంది, దాన్ని బూటు అంచుకి తగిలించుకుంటారు. ఎక్కువ మోడల్స్ బాకు ఆకారంలో, రెండు వైపులా అంచుతో వస్తాయి. ఎగ్జాంపుల్‌కి స్మిత్ అండ్ వెస్సన్ పేరుతో అమ్మే హెచ్‌ఆర్‌టీ9బీ తీసుకుందాం. మొత్తం పొడవు 9 అంగుళాలు, బ్లేడ్ సుమారు 4.7 అంగుళాలు, స్టీల్ పేరు 7సీఆర్17ఎంఓవీ.

ఫస్ట్ పాయింట్, స్టీల్ పేరు. లిస్టింగ్‌లో "సర్జికల్ స్టీల్" అని ఉంటే పట్టించుకోకండి, దానికి కచ్చితమైన గ్రేడ్ అంటూ ఏమీ లేదు. "440 స్టీల్" అని ఉన్నా ఆగి ఆలోచించండి. 440లో ఏ, బీ, సీ అని మూడు రకాలున్నాయి. ఏలో కార్బన్ 0.60 నుంచి 0.75 శాతం, సీలో 0.95 నుంచి 1.20 శాతం. కార్బన్ ఎక్కువుంటే స్టీల్‌ని ఇంకా గట్టిగా చేయొచ్చు, పదును ఎక్కువసేపు నిలబడుతుంది. అక్షరం లేకుండా ఉత్త 440 అనడం, ఫోన్‌లో స్నాప్‌డ్రాగన్ ఉంది అని చెప్పి ఏ సిరీసో దాచేసినట్టే. ఇక మన 7సీఆర్17 దాదాపు 440ఏ లాంటిది. చెత్త కాదు, గొప్పదీ కాదు. తుప్పుని బాగానే తట్టుకుంటుంది, పదును మాత్రం తరచుగా పెట్టుకోవాలి.

సెకండ్ పాయింట్, హీట్ ట్రీట్‌మెంట్. ఇది చాలామంది మిస్ అవుతారు. మన ఊళ్ళో కమ్మరి కొలిమిలో కొడవలిని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచుతాడు చూడండి, అదే సంగతి. ఎంత వేడి చేశారు, ఎలా చల్లార్చారు, తర్వాత మళ్ళీ ఎంత వేడి ఇచ్చారు అన్నదాన్ని బట్టే గట్టిదనం వస్తుంది. ఒకే చిప్ ఉన్న రెండు ఫోన్లలో ఒకటి గేమ్ ఆడితే వేడెక్కి స్లో అవుతుంది, ఇంకోటి అవ్వదు కదా, అలాగన్నమాట.

దీనికి ప్రూఫ్ స్వీడన్‌లో ఉంది. అక్కడి మోరా ఊరి నుంచి వచ్చే మోరక్నివ్ కంపానియన్ కూడా ఇంచుమించు ఇదే రేంజ్ కత్తి. దాని స్టెయిన్‌లెస్ మోడల్‌లో వాడే 12సీ27 స్టీల్‌లో కార్బన్ 0.6 శాతమే, అంటే కాగితం మీద మన బూట్ నైఫ్ కన్నా ఎక్కువేం కాదు. అయినా ఎన్నో ఏళ్ళుగా క్యాంపింగ్ చేసేవాళ్ళు చవకలో మంచి కత్తి అంటే ముందు దాని పేరే చెప్తారు. కారణం హీట్ ట్రీట్‌మెంట్, ఇంకా బ్లేడ్ షేప్.

థర్డ్ పాయింట్ ఆ షేపే. బాకు బ్లేడ్ మధ్యలో మందంగా ఉండి రెండు పక్కలకీ వాలుతుంది. అసలే సన్నటి బ్లేడ్, అందులో సగం వెడల్పులోనే అంచు దాకా పలచబడాలి. అందుకని అంచు కోణం మొద్దుగా వస్తుంది. పొడవడానికి చేసిన డిజైన్ అది. ఉల్లిపాయ తరగాలన్నా, కర్ర చెక్కాలన్నా చీలుస్తుందే తప్ప సాఫీగా కోయదు. పైగా వెనక వైపు కూడా అంచు ఉంటే బొటనవేలు పెట్టి నొక్కడానికి చోటుండదు. కంపానియన్‌కి అంచు ఒక్క వైపే, మందం 2.5 మిల్లీమీటర్లు. చూడ్డానికి ప్లెయిన్‌గా ఉంటుంది, పని మాత్రం చేస్తుంది.

ఫోర్త్ పాయింట్, ఒర. బూట్ నైఫ్‌కి బ్లేడ్ కన్నా ఇదే ముఖ్యం అంటాను నేను. కత్తి ఉండేది మీ చీలమండ పక్కన. పరిగెత్తినప్పుడో కూర్చున్నప్పుడో జారి బయటికొస్తే తెగేది మీ కాలే.

పార్సిల్ వచ్చాక, రిటర్న్ టైమ్ అయిపోకముందే ఈ టెస్టులు చేయండి. ఒకటి, కత్తిని ఒరలో పెట్టి, మంచం మీద తలకిందులు చేసి ఊపండి. కాళ్ళు దూరంగా ఉంచండి. జారి పడిందా, ఆలోచించకుండా వెనక్కి పంపేయండి. రెండు, పిడికీ బ్లేడ్‌కీ మధ్య కదలిక ఉందేమో చూడండి. మూడు, ఫోన్ టార్చ్ వేసి అంచుని సూటిగా పైనుంచి చూడండి. తళుక్కుమని తెల్ల గీత కనిపిస్తే అక్కడ పదును లేనట్టే. నాలుగు, న్యూస్‌పేపర్ కోసి, తర్వాత అట్టపెట్టెలు పది నిమిషాలు కోసి, మళ్ళీ పేపర్ కోయండి. రెండోసారి పేపర్ చిరిగిపోతుంటే, అంచు త్వరగా మొద్దుబారుతోందని అర్థం. ఇది చేస్తే మాత్రం రిటర్న్ తీసుకోకపోవచ్చు, అందుకే చివర్లో పెట్టాను.

ఇప్పుడు సీరియస్ మాట. టెక్సస్‌లో 5.5 అంగుళాలు దాటిన బ్లేడ్‌ని స్కూళ్ళు, కాలేజీల్లోకి తీసుకెళ్ళకూడదు. మనది 4.7 కదా అని రిలాక్స్ అవ్వకండి, యూనివర్సిటీ రూల్స్ ఇంకా స్ట్రిక్ట్‌గా ఉండొచ్చు. కాలిఫోర్నియాలో అయితే బాకుని దాచిపెట్టుకుని తిరగడమే నేరం. బూట్ నైఫ్ ఉండేదే దాచుకోవడానికి! స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళకి ఆయుధం కేసు అంటే చదువు, ఉద్యోగం అన్నీ రిస్క్‌లో పడతాయి. ఇండియాలో 9 అంగుళాల కన్నా పొడవు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు బ్లేడ్ ఉంటే, ఇంటి పనికీ వ్యవసాయానికీ చేసినవి కాకపోతే, 2016 ఆయుధాల నిబంధనల జాబితాలోకి వస్తుంది. అంతకన్నా చిన్నదైతే నడుముకి పెట్టుకుని తిరగొచ్చని మాత్రం అర్థం కాదు.

సో, తమ్ముడూ, నా ఆన్సర్ ఇది. షెల్ఫ్‌లో పెట్టుకుని చూసుకోవడానికైతే ఆ బూట్ నైఫ్ 20 డాలర్లకి నష్టమేమీ లేదు. క్యాంపింగ్‌లో తాడు కోయాలి, కూరగాయలు తరగాలి, పుల్లలు చెక్కాలి అంటే అదే డబ్బుకి ఒక వైపే అంచున్న, ప్లాస్టిక్ ఒరలో టక్కున కూర్చునే కత్తి తీసుకో. దాన్ని కూడా కారు డిక్కీలో, సామాన్ల మధ్య పెట్టుకో, బూటులో కాదు.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో చవక సానరాళ్ళ గురించి మాట్లాడుకుందాం. అప్పటిదాకా సేఫ్‌గా ఉండండి, బాయ్ ఫ్రెండ్స్.