బాడిగ ఇల్లు, పెంపుడు కుక్క: లేని చట్టం మీద పోట్లాట

ముళబాగిలులో ఇల్లు బాడిగకు అడిగితే ఓనరు వేసే ప్రశ్నలు కొన్నే. ఎంతమంది ఉంటారు, ఏం పని చేస్తారు, అడ్వాన్సు ఎప్పుడిస్తారు. ఈమధ్య ఇంకొకటి చేరింది: కుక్కా, పిల్లీ ఏమైనా ఉన్నాయా? ఉందంటే చాలు, "మా ఇంట్లో అట్లాంటివి కుదరవప్పా" అని తలుపు సగం మూసేస్తారు. ఎందుకని అడిగితే కొందరు చట్టం అంటారు, కొందరు రోగం అంటారు, కొందరు దేవుడంటారు. బాడిగకొచ్చేవాళ్ళూ తక్కువ తినలేదు. ఫోన్‌లో ఎవరో పంపిన సర్క్యులర్ తీసి "మాకు హక్కుంది" అంటారు. చాలాసార్లు ఈ రెండు పక్షాలూ లేని చట్టాన్ని పట్టుకునే పోట్లాడుతున్నాయి.

అపోహ: బాడిగ ఇంట్లో జంతువుల్ని పెంచకూడదని చట్టంలోనే ఉంది.

లేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం బాడిగదారును అడిగేది ఇంటిని జాగ్రత్తగా వాడి, మామూలు అరుగుదల పోను, తీసుకున్నప్పటిలాగే అప్పగించమని. మిగతాదంతా మీరు సంతకం పెట్టిన కాగితంలో ఉంటుంది. ఏడాది దాటే ఒప్పందాన్ని రిజిస్టర్ చేయించాలి కాబట్టి అందరూ పదకొండు నెలలకు రాసుకుంటారు. టైపింగ్ అంగడిలో ముందే తయారుగా ఉన్న నమూనాలో పేర్లూ, మొత్తమూ మార్చి ఇచ్చేస్తారు. అందులో పెంపుడు జంతువులు వద్దన్న వాక్యం ఉందో లేదో చదివేవాళ్ళు తక్కువ. ఆ వాక్యం ఉంటే కట్టుబడాల్సిందే. లేకపోతే కుక్కను పెంచినంత మాత్రాన ఒప్పందం తప్పినట్టు కాదు. అయితే బాడిగదారు మురిసిపోవడానికీ లేదు. నెలనెలా సాగే బాడిగను పదిహేను రోజుల నోటీసుతో ముగించే వీలు అదే చట్టం ఓనరుకు ఇచ్చింది. నోటీసు తర్వాత కూడా ఖాళీ చేయకపోతే దారి కోర్టే. సామాన్లు వాకిట్లోకి విసిరే అధికారం ఎవరికీ లేదు.

అపోహ: పెంపుడు జంతువుల్ని కాదనే హక్కు ఓనరుకు లేదని కేంద్రం చెప్పేసింది.

ఆ ఫోన్ సర్క్యులర్ సంగతి ఇదే. భారత జంతు సంక్షేమ మండలి 2015లో మార్గదర్శకాలిచ్చిన మాట నిజం. మెజారిటీ తీర్మానం చేసినా సరే, నివాసుల సంఘాలూ అపార్ట్‌మెంట్ అసోసియేషన్లూ పెంపుడు కుక్కల్ని నిషేధించలేవని అందులో ఉంది. 2021లో కేరళ హైకోర్టు కూడా అట్లాంటి సంఘాల నిబంధనలు చెల్లవంది. కానీ ఈ రెండూ ముఖ్యంగా సంఘాలకు చెప్పినవి. పక్క ఫ్లాటాయన మీ ఇంట్లో ఏం పెంచాలో నిర్ణయించలేడు, అంతవరకే. తన సొంత ఇంటిని ఏ షరతు మీద బాడిగకివ్వాలో ఓనరు నిర్ణయించుకోవడం వేరే విషయం. ముళబాగిలులో ఎక్కువ ఇళ్ళకు అసోసియేషనే ఉండదు. కింద ఓనరు, మిద్దె మీద బాడిగదారు. అక్కడ ఆ సర్క్యులర్ చూపిస్తే పని జరగకపోగా ఓనరు మనసు విరుగుతుంది.

మరో దారి పట్టిన దేశాలున్నాయి. ఫ్రాన్స్‌లో 1970 నుంచే బాడిగ ఒప్పందంలో పెంపుడు జంతువులు వద్దని రాస్తే చెల్లదు, ప్రమాదకరమని వర్గీకరించిన కుక్కల విషయంలో తప్ప. ఇంగ్లండ్‌లో 2025 చట్టం ప్రకారం బాడిగదారు రాతపూర్వకంగా అడిగితే ఓనరు సరైన కారణం లేకుండా కాదనకూడదు. మన దగ్గర అట్లాంటిది రాలేదు. వచ్చేదాకా అడగడం, ఒప్పించడం, రాసుకోవడమే.

అపోహ: కుక్క ఉంటే ఇల్లు పాడవుతుంది.

ఈ భయంలో సగం పరాయి దేశాలదనిపిస్తుంది. అక్కడ నేలంతా చెక్క, కార్పెట్. ఉచ్చ ఇంకితే పీకి పారేయాల్సిందే. మన ఇళ్ళలో టైల్స్, గ్రానైట్, పాత ఇళ్ళయితే ఎర్ర గచ్చు. వెంటనే కడిగి తుడిస్తే పోతుంది. నిజంగా దెబ్బతినేవి వేరే ఉన్నాయి. నాలుగు నుంచి ఆరు నెలల వయసులో పళ్ళు మారే కుక్కపిల్ల తలుపు అంచులు కొరుకుతుంది, పెద్ద కుక్కలకు ఆ అలవాటు తక్కువ. మగకుక్క రోజూ ఒకేచోట కాలెత్తితే ఇనుప గేటు అడుగు తుప్పు పడుతుంది. దోమల జాలీ పిల్లి గోళ్ళకు చిరుగుతుంది. ఇవన్నీ ఖర్చు కట్టగలిగినవే. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పెయింటింగుకని అడ్వాన్సులో కొంత పట్టుకోవడం మన వైపు మామూలే. దాంతోపాటు "జంతువు వల్ల తలుపు, జాలీ, గేటు పాడైతే బాగు ఖర్చు బాడిగదారుదే" అని ఒక వాక్యం చేర్చి, చేరేరోజే గోడలూ తలుపులూ ఫోటో తీసి ఇద్దరూ ఉంచుకుంటే వెళ్ళేరోజు గొడవ ఉండదు.

అపోహ: మిద్దె మీద కట్టేస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

ఇబ్బంది మొదలయ్యేదే అక్కడ. కంపెనీ బస్సెక్కి పొద్దున పోయిన మనిషి రాత్రికి తిరిగొచ్చేదాకా ఒంటరిగా కట్టేసిన కుక్క మొరుగుతుంది. ఎండలో నీళ్ళు లేకపోతే ఇంకా ఎక్కువ మొరుగుతుంది. చిన్న జాతి అయితే మొరగదన్నదీ నమ్మకమే. పామరేనియన్ ఉన్న వీధిలో ఉన్నవాళ్ళనడగండి. కుక్కను ఎప్పుడూ కట్టేసి ఉంచి తిప్పకపోవడం 1960 జంతు హింస నివారణ చట్టం కింద తప్పు కూడా. ఓనరు అడగాల్సింది "కుక్క ఉందా?" అని కాదు, "పగలు దాన్ని ఎవరు చూస్తారు?" అని. జవాబు సరిగా లేకపోతే ఇల్లివ్వకపోవడమే న్యాయం, ఆ కుక్కకు కూడా.

అపోహ: పిల్లి వెంట్రుకలతో ఉబ్బసం, కుక్కతో రేబిస్.

పిల్లి అలర్జీకి అసలు కారణం వెంట్రుక కాదు, లాలాజలంలోనూ చర్మంలోనూ ఉండే ప్రొటీన్. అది పిల్లి వెళ్ళాక కూడా నెలల తరబడి ఇంట్లో ఉండగలదు. కాబట్టి తర్వాత వచ్చేవాళ్ళలో ఉబ్బసం ఉన్నవాళ్ళుంటే ఓనరు ముందే చెప్పడం మంచిది. రేబిస్‌కు మూడు నెలల వయసులో టీకా వేయించి, పశువైద్యుడు చెప్పినట్టు ఏటేటా వేయిస్తూ పోతే భయం ఉండదు. ఆ కార్డు జిరాక్సు అగ్రిమెంటుకు జతచేయమని అడగడంలో తప్పులేదు. టీకా వేసిన కుక్కయినా కరిస్తే మాత్రం సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్ళాల్సిందే.

అపోహ: కుక్క ఉన్న ఇంట్లో దేవుడుండడు.

భైరవుడి వాహనం కుక్క. ఆయన కోలారు దగ్గర సీతి బెట్ట మీదే ఉన్నాడు. పూజగదిలోకి రానివ్వకపోవడం మీ ఇష్టం.

అపోహ: ఖాళీ చేసేటప్పుడు పిల్లిని వదిలేసినా అది ఎట్లాగో బతుకుతుంది.

అన్నం పెట్టే చెయ్యికి అలవాటుపడినది చెత్తకుప్ప దగ్గర ఎన్నాళ్ళు నిలుస్తుందో చెప్పలేం. ఆకలికి గురయ్యేలా వదిలేయడం పైన చెప్పిన 1960 చట్టం కింద నేరం. మొదటిసారి జరిమానా పది నుంచి యాభై రూపాయలు. ఆ డబ్బుకి ముళబాగిలు దోసె కూడా రాదేమో. చట్టం ఇంత బలహీనంగా ఉంది కాబట్టి ఈ వాక్యాన్ని అగ్రిమెంటులోనే పెట్టుకోవాలి: జంతువును వెంట తీసుకెళ్ళాకే అడ్వాన్సు వాపసు.