పసి దవడల్లో దాగే కీళ్లవాతం

కీళ్లవాతం వృద్ధుల జబ్బన్నది మన ఇళ్ళలో స్థిరపడిన అభిప్రాయం. అందుకే బిడ్డ ఉదయం లేవగానే కుంటినా, మోకాలు వాచినా ‘ఆటలో దెబ్బ తగిలి ఉంటుంది’ అని సరిపెట్టుకుంటాం. 16 ఏళ్ళలోపు మొదలై, మరే కారణమూ కనబడకుండా కనీసం 6 వారాలు కీళ్ళలో వాపు నిలిచి ఉంటే వైద్యులు దానిని జువెనైల్ ఆర్థరైటిస్ అంటారు. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక శక్తి సొంత కీళ్ళపైనే దాడి చేయడం దీని స్వభావం.

మోకాలి వాపు కంటికి కనబడుతుంది. దవడ వాపు కనబడదు. చెవి ముందుండే దవడ కీలు నొప్పి లేకుండానే జబ్బు పడవచ్చు. కింది దవడ ఎదుగుదలకు ముఖ్య స్థానం ఆ కీలు తలపైనే ఉంటుంది. అక్కడ వాపు కొనసాగితే ఎదుగుదల కుంటుపడుతుంది. ఒకవైపే అయితే ముఖం పక్కకు ఒరుగుతుంది. రెండువైపులా అయితే గడ్డం చిన్నదై వెనక్కి పోతుంది. ఎదిగే వయసు దాటాక దిద్దాలంటే శస్త్రచికిత్సే అవసరం కావచ్చు.

కనుక దస్తర్‌ఖాన్ దగ్గర బిడ్డను గమనించాలి. నమలడానికి ఎక్కువసేపు పడుతోందా? రొట్టె, మాంసం పక్కన పెడుతున్నాడా? నోరు తెరిచినప్పుడు గడ్డం ఒక పక్కకు జరుగుతోందా? నోరు మునుపటికంటే తక్కువగా తెరుచుకుంటోందా? వీటిలో ఏది కనబడినా వైద్యునికి చెప్పాలి. తొలిదశ వాపు మామూలు ఎక్స్‌రేలో తెలియకపోవచ్చు, ఎమ్మారైలో తెలుస్తుంది. కళ్ళు ఎర్రబడకుండానే లోపల వాపు రావచ్చు గనుక కంటి పరీక్షలూ క్రమంగా చేయించాలి.

మిస్వాక్ సున్నత్‌ను పిల్లలకు నేర్పే మనకు నోటి శుభ్రత కొత్త పాఠం కాదు. అయితే వేళ్ళు, మణికట్టు వాచిన బిడ్డ పుల్లను, బ్రష్‌ను గట్టిగా పట్టుకోలేడు. పిడికి గుడ్డ చుట్టి లావు చేసిన మెత్తని బ్రష్ ఇవ్వాలి. తీపి సిరప్ తాగాక నోరు పుక్కిలింపజేయాలి. మెథోట్రెక్సేట్‌తో నోటిపూత రావచ్చు. దానిని తగ్గించేందుకు వైద్యులు ఫోలిక్ ఆమ్లం ఇస్తారు. ఈ జబ్బులో ఆ మందు వారానికి ఒక్కసారే వాడాలి. పొరపాటున రోజూ వేస్తే ప్రాణాపాయం.

వాపు, స్టెరాయిడ్లు, కదలిక లేకపోవడం - ఈ మూడూ ఎముకలను బలహీనపరుస్తాయి. అలాగని స్టెరాయిడ్‌ను మనంతట మనం హఠాత్తుగా ఆపకూడదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. నమలలేని బిడ్డకు రాగిజావ, పెరుగు, మెత్తని ఖిచిడీ మంచి ఆహారం. దిల్‌సుఖ్‌నగర్ ఇరుకు వీధుల అపార్ట్‌మెంట్లలో, ట్యూషన్ల మధ్య పిల్లలకు ఎండ కరువవుతోంది. కాసేపు మేడపై ఆడనివ్వాలి. విటమిన్ డి మాత్రలు మాత్రం వైద్యుని సలహాతోనే ఇవ్వాలి.

ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్ వాసులకు వైద్యం దూరం కాదు. 2018 సెప్టెంబరు నుండి నడుస్తున్న మెట్రోలో రైలు మారకుండానే లక్డీకాపూల్‌లో దిగి నీలోఫర్‌కు, పంజాగుట్టలో దిగి నిమ్స్ రుమటాలజీ విభాగానికి చేరవచ్చు.

ఈ జబ్బు ఆడపిల్లల్లోనే ఎక్కువ. రేపటి సంబంధాల భయంతో దానిని దాచే ఇళ్ళున్నాయి. దాచిన కొద్దీ జబ్బు ముఖం మీదికే వస్తుంది. సంతానం అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. లోకం ఏమంటుందోనన్న బెంగకు ఆ అమానత్‌ను బలిచేసే హక్కు మనకు లేదు.