మూత్రం బాగానే వస్తోంది కదా, కిడ్నీలకేం?

కిడ్నీలు రెండు రకాలుగా దెబ్బతింటాయి. అక్యూట్ అంటే గంటల్లో, రోజుల్లో ముంచుకొచ్చేది. వేళకు వైద్యం అందితే చాలామందిలో కిడ్నీలు కోలుకుంటాయి. క్రానిక్ అంటే నెలలు, ఏళ్ల తరబడి లోలోపల సాగేది. అందులో పోయిన శక్తి సాధారణంగా తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవాలి. ఈ రెంటినీ ఒకే గాట కట్టడం వల్లే సగం అపోహలు.

అపోహ: మూత్రం ధారాళంగా వస్తుంటే కిడ్నీలకు ఢోకా లేదు.

వాస్తవం: అక్యూట్‌లో మూత్రం తరచూ తగ్గిపోతుంది. క్రానిక్‌లో చివరిదాకా మామూలుగానే రావచ్చు. నీరు పోతుంది, మలినాలు ఒంట్లోనే మిగిలిపోతాయి. మూత్రాన్ని చిక్కబరిచే శక్తి సన్నగిల్లి రాత్రిళ్లు పదేపదే లేవాల్సి వస్తుంది. దాన్ని వయసు మీదకు నెట్టేస్తాం. మిగతా లక్షణాలు: మూత్రంలో నురగ, పొద్దున్నే కళ్ల చుట్టూ ఉబ్బు, సాయంత్రానికి పాదాల వాపు, ఆకలి చచ్చిపోవడం, వికారం, దురద, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. వీటిలో చాలావరకు జబ్బు బాగా ముదిరాకే బయటపడతాయి.

అపోహ: రక్తంలో క్రియాటినిన్ అనే మలినం 1.2 అంటే నార్మల్.

వాస్తవం: ఎవరికి అన్నది ముఖ్యం. పాతికేళ్ల యువకుడికి 1.2 ఉంటే వడపోత సామర్థ్యాన్ని చెప్పే ఈజీఎఫ్ఆర్ 85 దాకా వస్తుంది. అదే 1.2 అరవై అయిదేళ్ల స్త్రీకి ఉంటే 50 దగ్గరే ఆగుతుంది. మూడు నెలలకు మించి 60 కంటే తక్కువుంటే క్రానిక్ జబ్బే. 15 కంటే పడిపోతే కిడ్నీలు విఫలమైనట్టు. అందుకే రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ కూడా చూడాలి, మూత్రంలో అల్బుమిన్ పరీక్షా చేయించాలి.

అపోహ: ఇన్సులిన్ డోసు తగ్గిందంటే షుగర్ నయమవుతున్నట్టే.

వాస్తవం: అన్నివేళలా కాదు. ఇన్సులిన్‌ను ఒంట్లోంచి తొలగించే పనిలో కిడ్నీలకు పెద్ద వాటా ఉంది. అవి మందగిస్తే ఇన్సులిన్ ఎక్కువసేపు నిలిచి షుగర్ పడిపోతుంటుంది. ఇంట్లో సంబరపడుతున్న సమయంలోనే జబ్బు ముదురుతూ ఉండొచ్చు. కారణం లేకుండా డోసు తగ్గితే ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి.

అపోహ: డయాలసిస్ ఒకసారి పెడితే జీవితాంతం వదలదు.

వాస్తవం: ప్రాణాలు తీసే అపోహ ఇదే. రక్తపింజర కాటు, ఆగని వాంతులు విరేచనాలు, రక్తానికి పాకిన ఇన్ఫెక్షన్... ఇలాంటి వాటితో కిడ్నీలు హఠాత్తుగా ఆగినప్పుడు, అవి తేరుకునేదాకా కొన్నాళ్లు డయాలసిస్ చేసి ఆపేసిన సందర్భాలు ఎన్నో. భయపడి పసరు వైద్యానికి తిప్పే ఆ రెండు రోజుల్లో రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చు. విరేచనాలతో నీరసించినప్పుడు ఒళ్లునొప్పులకని మందుల షాపులో డైక్లోఫెనాక్ కొని మింగడమూ కిడ్నీలను దెబ్బతీస్తుంది.

అపోహ: నడుం నొప్పి వస్తే కిడ్నీలు పాడైనట్టే.

వాస్తవం: ఎక్కువగా అది కండరాలదో వెన్నుదో. రాళ్లు, ఇన్ఫెక్షన్ ఉంటే పక్కల్లో నొప్పి రావచ్చు. క్రానిక్ వైఫల్యానికి మాత్రం సాధారణంగా నొప్పే ఉండదు.

అపోహ: నీళ్లు ఎంత తాగితే కిడ్నీలకు అంత మంచిది.

వాస్తవం: వాపు, ఆయాసం ఉన్న రోగికి ఎక్కువ నీళ్లే ప్రమాదం. పొటాషియం పెరిగినవారికి కొబ్బరినీళ్లూ అంతే.

అపోహ: షుగర్, బీపీ లేనివారికి ఈ జబ్బు రాదు.

వాస్తవం: శ్రీకాకుళం జిల్లా ఉద్దానానికి వెళ్లి చూడండి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి, జీడి తోటల్లో పనిచేసే ఎంతోమందికి ఆ రెండూ లేకుండానే కిడ్నీలు పోయాయి. కారణం ఫలానా అని ఇప్పటికీ తేలలేదు. అక్కడ వాపుల కోసం, మూత్రం తగ్గడం కోసం ఎదురుచూడకూడదు. ఏ బాధా లేకపోయినా ఇంట్లో పెద్దవాళ్లందరూ ఏటా క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవాలి.