దోమకు మిషనుంటదా?

మా దుకాణం దోమలగూడలో, హుస్సేన్ సాగర్ అలుగు నీళ్లు పారే నాలాకు దగ్గర్లో ఒక సందులో ఉంది. పేరుకే దుకాణం, నిజానికి మా ఇంటి ముందు గది. రెండు తొక్కుడు మిషన్లు, ఒక ఓవర్‌లాక్ మిషను, గోడ నిండా మేకులు. ఒక్కో మేకుకు ఒక్కో కవరు, అందులో జాకెట్టు గుడ్డ, లైనింగు, ఆది జాకెట్టు. ఇరవై ఎనిమిదేళ్లుగా అక్కడే కూర్చుని కుడుతున్నాను. పొద్దు వాలితే నాలా వైపు నుంచి దోమలు లేస్తాయి. మిషను కింద కాళ్లకు చీర కుచ్చిళ్లు చుట్టుకుని తొక్కడం నాకు అలవాటైపోయింది.

పోయిన వానాకాలం ఒక సాయంత్రం పక్కింటి మామ్మగారు మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చారు. ఆవిడది గోదావరి వైపు. పాపకు ఆరేళ్లు, పుట్టి పెరిగింది ఇక్కడే. మామ్మగారు మోచెయ్యి గోక్కుంటూ "నిలబడనివ్వట్లేదమ్మా, ఒకటే కుట్టేస్తున్నాయి" అన్నారు. పాప నా మిషను వంక చూసింది, మామ్మగారి చెయ్యి వంక చూసింది. "దోమకు మిషనుంటదా?" అని అడిగింది.

ఇద్దరం నవ్వాం. వాళ్లు వెళ్లిపోయాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. కుట్టడం రోజుకు వందసార్లు నా నోట్లో ఆడే మాట. ఈ జాకెట్టు ఎప్పుడు కుడతావక్కా, ఫాల్ కుట్టావా, కుట్టు ఊడింది, కుట్టుకూలి ఎంత. ఆ మాటే చీమకూ తేలుకూ ఎలా వచ్చిందో నేనెన్నడూ ఆలోచించలేదు.

మా అమ్మ దగ్గర నేను విన్నది వేరే మాట. మాది భువనగిరి దగ్గర పల్లె. అక్కడ అమ్మ "దోమలు కర్సినయా బిడ్డా" అనేది. మామ్మగారికేమో పళ్లున్నవే కరుస్తాయి, అంటే కుక్క, పాము, మనిషి. దోమ, చీమ, తేలు, తేనెటీగ కుడతాయి. రెండు మాటలూ మనవే, రెండూ బతికున్నవే. అయితే దోమ విషయంలో మామ్మగారి మాటే సరైన లెక్కకు వస్తుందని తర్వాత తెలుసుకున్నాను.

దోమ ముక్కు పైకి ఒక్క వెంట్రుకలా కనిపిస్తుంది కానీ, అది ఒక ఒర. దాని లోపల ఆరు సూదులున్నాయి. రెండింటి మొనలకు రంపపు పళ్లుంటాయి, అవి చర్మాన్ని కోస్తాయి. ఇంకో రెండు ఆ కోతను విడదీసి పట్టుకుంటాయి. ఒకటి నెత్తురు గడ్డకట్టకుండా లాలాజలం వదులుతుంది. మరొకటి నెత్తురు పీలుస్తుంది. సూదులు దిగుతుంటే ఒర మాత్రం చర్మం మీదే వంగి ఆగిపోతుంది. మగదోమలు కుట్టవు. గుడ్లు పెట్టడానికి నెత్తురు కావలసింది ఆడదోమకే. మనకు దురద పుట్టించేది దిగిన సూది కాదు, లోపల వదిలిన ఆ లాలాజలం.

దోమను కోసి చూడడం మన ఊరికి కొత్త కాదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ అనే మిలటరీ డాక్టరు, మలేరియా రోగి నెత్తురు తాగిన దోమను కోసి, దాని కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పేరు పెట్టిన భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉంది, మా దోమలగూడ నుంచి కొద్ది కిలోమీటర్లే. ఆ దోమలతో కావాలని కుట్టించుకున్న రోగి పేరు హుసేన్ ఖాన్. కుట్టిన ఒక్కో దోమకు అతనికి ఒక్కో అణా ఇచ్చారని చెబుతారు. రాస్ పేరు తలిచినప్పుడల్లా నాకు ఆ మనిషి చెయ్యి గుర్తొస్తుంది.

ఇక నా మిషను సంగతి. చేతి సూదికి బెజ్జం వెనక కొసన ఉంటుంది. సూది మొత్తం బట్టలో దూరి అవతలికి పోవాలి, మళ్లీ ఇవతలికి రావాలి. మిషను సూదికి బెజ్జం మొన దగ్గరే ఉంటుంది. అది అవతలికి పోదు. దిగుతుంది, వచ్చిన దోవనే పైకి లేస్తుంది. లేవబోయే ఆ క్షణంలో దారం కాస్త వదులై చిన్న ఉచ్చులా నిలబడుతుంది. కింద షటిల్ కొక్కెం ఆ ఉచ్చును పట్టి బాబిన్ చుట్టూ తిప్పేస్తుంది. పై దారం, కింది దారం బట్ట మందంలోనే ఒకదాన్నొకటి మెలిపెట్టుకుంటాయి. 1846లో అమెరికాలో ఎలియాస్ హోవే పేటెంటు పొందిన మిషనులో ఉన్నది ఈ మొనబెజ్జం సూదీ, ఈ రెండు దారాల కుట్టే. బట్ట కింద ముడి పడి పోగులు గుంపవుతుంటే మేం ముందు చూసేది పై దారం బిగువు. ఆ మెలిక బట్ట మధ్యలో పడాలి, పైకీ రాకూడదు, కిందికీ జారకూడదు.

దిగడం, ఏదో ఒకటి లోపల వదలడం, వచ్చిన దోవనే పైకి రావడం. దోమ చేసేదీ అదే. పాప అడిగినదానికి నేను చెప్పవలసిన జవాబు ఇదేమో: ఉంటది బిడ్డా, దోమకూ మిషనుంటది.

అశోక్‌నగర్‌లో గది తీసుకుని గ్రూప్స్‌కు చదువుకునే అబ్బాయిలు నా దగ్గరికి సంచుల జిప్పులు వేయించుకోవడానికి, ప్యాంట్లు పొట్టి చేయించుకోవడానికి వస్తుంటారు. వాళ్లలో ఒకతనికి ఈ మాట చెబితే, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో బ్రౌన్ నిఘంటువు తీసి చూసి వచ్చాడు. 1852లో మొదట అచ్చయిన పుస్తకం అది. అందులోనూ కుట్టడానికి బట్ట కుట్టడం, పురుగు కుట్టడం రెండూ ఉన్నాయన్నాడు. అంటే బ్రౌన్ దొర నాటికే మనవాళ్లకు ఇది ఒక్క మాట.

అప్పట్నుంచి ఎవరు ఏది కుట్టిందన్నా చెవి అటే పోతుంది. ముల్లు కుట్టదు, గుచ్చుకుంటుంది. పూసలు దండ గుచ్చుతారు. చెవులు మాత్రం కుట్టిస్తారు, ముక్కు కుట్టిస్తారు. చెవికి బట్టతో పనేముంది, అక్కడ కుట్టడమేమిటి? నాకు తోచింది చెబుతాను. చెవి పొడిచి ఊరుకుంటే రంధ్రం పూడుకుపోతుంది. అందుకే కంసాలి బంగారు తీగె దూర్చి ముడి తిప్పుతాడు, లేకుంటే వేపపుల్ల పెడతారు. అక్కడ ఏదో ఒకటి నిలవాలి. తేలు విషం వదులుతుంది, దోమ లాలాజలం వదులుతుంది, నేను దారం వదులుతాను. పొడిచి, ఏదైనా లోపల వదిలితేనే అది కుట్టు. పండితులు ఏమంటారో గానీ, సూది పట్టిన చేతికి ఆ మాట అలాగే అర్థమవుతుంది.

అన్నిటికంటే నాకు ఇష్టమైన కుట్టు మా అమ్మది. ఎండాకాలం మోదుగాకు కోసుకొచ్చి, మా అరుగు మీద ఆడవాళ్లంతా విస్తరాకులు కుట్టేవాళ్లు. నడుమ ఒక పెద్దాకు, చుట్టూ చిన్నాకులు, ఆకు మీద ఆకు కొద్దిగా ఎక్కించి, సన్నటి ఈనెపుల్లతో పొడిచి అవతలికి తీసి, మళ్లీ ఇవతలికి గుచ్చి, చటుక్కున విరిచేవాళ్లు. మళ్లీ కొత్త పొడుపు, మళ్లీ విరుపు. ఆ చిటపట వింటూ నిద్రపోయేదాన్ని. అక్కడ సూది వేరు, దారం వేరు కాదు. పొడిచిన పుల్లే ఆకులో ఉండిపోయి ఆకులను పట్టి ఉంచుతుంది. నేను నేర్చిన మొదటి కుట్టు అదే. గట్టిగా పొడిస్తే ఆకు చీలుతుంది, మెల్లగా పొడిస్తే పుల్ల జారిపోతుంది. జార్జెట్ మీద సూది దించేటప్పుడు ఇప్పటికీ నా వేళ్లకు మోదుగాకు గుర్తొస్తుంది.

దుకాణంలో మేం మాట్లాడుకునేది సగం ఉర్దూ. చీర అంచు మడిచి పైకి కనబడకుండా వేసేది తుర్పాయి. ముందుగా నిలబెట్టడానికి వేసే దూరం కుట్టు కచ్చాకుట్టు, పనయ్యాక లాగేస్తాం. బొత్తానికి కాజా. ఇవన్నీ పాతబస్తీ దర్జీల నోట విన్న మాటలు. ఎన్ని మాటలు వచ్చినా పని పేరు మాత్రం కుట్టుగానే నిలబడింది. డాక్టరు వేసేవీ కుట్లే. ఆపరేషనైన మనిషిని చూడబోతే ఎన్ని కుట్లు పడ్డాయని అడుగుతారు, ఎప్పుడు విప్పుతారని అడుగుతారు. ఆ రెండూ నన్ను రోజూ అడిగే ప్రశ్నలే.

ఒక్క వాడుక మాత్రం నన్ను చాలాసేపు ఆపింది. కన్ను కుట్టడం. ఎదుటివాళ్లు బాగుపడితే ఓర్వలేనివాడికి కన్ను కుట్టిందంటాం. దిష్టి అయితే ఇతరులకు తగులుతుంది. ఇది అలా కాదు, సూది దిగేది ఓర్వలేనివాడి కంట్లోనే. మా వీధిలో నాకు రెండో మిషను వచ్చిన కొత్తలో ఒకావిడ రెండు నెలలు నాతో మాట్లాడలేదు. ఆ రెండు నెలలూ నాకు జరిగిన నష్టమేమీ లేదు. ఆవిడే నా గుమ్మం తప్పించుకుని చుట్టు తిరిగి వెళ్లేది.

పోయిన వారం మామ్మగారి మనవరాలు మళ్లీ వచ్చింది. చెవులు కుట్టించారు, లోలకుల చోట సన్నటి తీగెలు, చుట్టూ ఇంకా ఎర్రగా ఉంది. నిరుడు నేనే కుట్టిన నూలు గౌను పొట్టయిందని తెచ్చారు. ఆడపిల్లల గౌన్లకు అడుగున నాలుగు వేళ్ల గుడ్డ మడిచి వదులుతాను, పెరిగే పిల్లలు కదా. తుర్పాయి విప్పి మడత దించితే పాత కుట్టు పడిన చోట వరసగా చిన్న చిన్న చుక్కలు. పాప వాటి మీద వేలు పెట్టి నడిపించింది. నేను నీళ్లు చల్లి, గోటితో అటూ ఇటూ రుద్ది, ఇస్త్రీ పెట్టాను. నూలు బట్ట మీద అవి చాలావరకు పూడిపోతాయి, పోగులు మళ్లీ దగ్గరికి జరుగుతాయి. పట్టు మీద అలా పోవు. పట్టు జాకెట్టయితే నేను ముందు పాత గుడ్డ మీద కుట్టి చూసుకుంటాను, కొలత సరిపోయిందని తేలాకే దాని మీద సూది దించుతాను.