వంటకు లొంగని విషము

బాన్సువాడ ప్రాంతము వారికి చేప యన్న నిజాంసాగరు చేపయే. రవ్వ, బొచ్చె, కొర్రమట్ట - వీనిని శుభ్రముగా కడిగి, చింతపండు పులుసులో ఉడికించిన పిమ్మట ఇక భయము లేదని మన యిండ్లలో గట్టి నమ్మకము. చెరువు చేపల విషయమున ఈ నమ్మకము చాలవరకు చెల్లినది. సముద్రతీరమునకు యాత్రకో, చుట్టపుచూపుగానో పోవువారు మాత్రము దీనిని ఇంటివద్దనే విడిచి పోవలెనని మా మనవి.

బంగాళాఖాతపు ఉప్పుటేళ్లలో, నదీముఖములలో, లోతు లేని నీటిలో తిరుగు ఒక చిన్న చేప గలదు. బూడిదవన్నె వీపు, దానిపై పాలచుక్కల వంటి మచ్చలు, తెల్లని పొట్ట. ముట్టుకొన్నంతనే నీటినో గాలినో మ్రింగి బంతివలె ఉబ్బును. విశాఖపట్టణపు చేపలను గూర్చి ప్యాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు 1803లో వెలువరించిన గ్రంథమున ఈ కుటుంబపు చేపకు కనబడు పేరు 'కప్ప'. ఆ పేరు పెట్టిన బెస్తవారి చూపును మెచ్చుకొనక తప్పదు.

విషము ముఖ్యముగా దీని కాలేయమునందు, గ్రుడ్లసంచియందు, చర్మమునందు ఉండును. కొన్ని జాతులలో కండయు విషమే. 1909లో జపాను శాస్త్రజ్ఞుడు తహారా దీనికి టెట్రోడోటాక్సిన్ అని పేరిడెను. ఉడికించినను, వేయించినను, ఎండబెట్టినను ఇది నశింపదు. రుచిలోగాని వాసనలోగాని తెలియదు. తీరపు జాలరులు వలలో పడినదానిని గుర్తెరిగి పారవేయుదురు; కనుక రక్షణ వారి కంటిలో నున్నదే గాని మన పొయ్యిమీద లేదు. ఆ కన్ను లేనిచోట ఏమగునో 2008లో బంగ్లాదేశములో తెలిసినది. సముద్రపు ఉబ్బు చేపలు లోపలి జిల్లాల అంగళ్లకు చేరగా, వానిని ఎరుగని గృహస్థులు కొని వండుకొనిరి. 141 మంది విషమునకు గురికాగా 17 మంది మరణించిరి.

తిన్న కొలది సేపటికే పెదవులు, నాలుక తిమ్మిరెక్కును, వాంతులగును, పిదప కాలుసేతులు పట్టుదప్పి, తుదకు ఊపిరి నిలిచిపోవును. ఈ విషము నరములలోని సంకేతములను అడ్డగించుటయే కారణము. దీనికి విరుగుడు లేదు. అయినను శరీరము విషమును విసర్జించు వరకు యంత్రముతో శ్వాస నిలిపిన యెడల రోగి బ్రతుకవచ్చును. కావున నాటువైద్యముతో గడియలు పోగొట్టక పెద్దాసుపత్రికి చేర్చవలెను.

ఇంకొక మాట. అట్టి రోగి కదలడు, పలుకడు, కన్ను తెరువలేడు. చూచువారు ప్రాణము పోయినదని తలంతురు. కాని పలుమారు స్పృహ చెడదు. మంచము ప్రక్కన నిలిచి యేడ్చువారి మాటలు అతడు వినుచునే యుండవచ్చును.